సైకిల్ షాపులో చెక్కిన ప్రొపెల్లర్: విల్బర్ రైట్ జీవితం



విమానం ఎవరు కనిపెట్టారని మీ బాబునో, పాపనో అడిగి చూడండి. రైట్ సోదరులు, 1903 అని టక్కున చెప్పేస్తారు. జనరల్ నాలెడ్జ్ పరీక్షలో అది ఒక్క మార్కు ప్రశ్న. ఆ ఒక్క మార్కు వెనుక ఇద్దరు అన్నదమ్ముల పాతికేళ్ల కథ ఉంది. ఆ కథలో మన పాఠ్యపుస్తకాలు పెద్దగా పట్టించుకోని భాగం ఒకటుంది. అదే ప్రొపెల్లర్. విమానం ముక్కు దగ్గరో వెనుకో గిర్రున తిరిగే ఆ చెక్క ముక్కను ఎలా చెక్కాలో తేల్చుకోవడానికి వారికి నెలల తరబడి వాదోపవాదాలు, ఐదు నోటు పుస్తకాల నిండా లెక్కలు అవసరమయ్యాయి. ఈ నెల ఆ ఇద్దరిలో పెద్దవారైన విల్బర్ రైట్ గురించి తెలుసుకుందాం.

తండ్రి తెచ్చిన బొమ్మ

విల్బర్ 1867 ఏప్రిల్ 16న అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో, మిల్‌విల్ అనే చిన్న ఊరి దగ్గర పుట్టారు. తమ్ముడు ఆర్విల్ 1871లో ఒహాయో రాష్ట్రంలోని డేటన్‌లో పుట్టారు. తండ్రి మిల్టన్ రైట్ చర్చిలో బిషప్. పని మీద తరచూ ఊళ్లు తిరిగేవారు. తల్లి సుసాన్ బండ్లు తయారుచేసే వ్యక్తి కూతురు. పనిముట్లు పట్టుకోవడం చిన్నప్పుడే పుట్టింట్లో నేర్చుకున్నారు. ఇంట్లో ఏది విరిగినా బాగుచేసేది ఆమే, పిల్లలకు బొమ్మలు చేసిపెట్టేదీ ఆమే. మేకు కొట్టడం నాన్న పని, వంట అమ్మ పని అనే లెక్క ఆ ఇంట్లో లేదు.

1878లో తండ్రి ఊరి నుంచి వస్తూ పిల్లలకు ఒక బొమ్మ తెచ్చారు. వెదురు, బెండు, కాగితంతో చేసిన ఆ బొమ్మను ఫ్రాన్స్‌కు చెందిన అల్ఫోన్స్ పెనో రూపొందించారు. లోపల ఉన్న రబ్బరు బ్యాండును మెలిపెట్టి వదిలితే పైనున్న రెక్కలు గిర్రున తిరిగి బొమ్మ ఇంటి కప్పుదాకా ఎగిరేది. కొన్నాళ్లకు అది విరిగిపోయింది. పిల్లలిద్దరూ దాన్ని చూసి తామే కొత్తవి చేసుకున్నారు. పెద్దగా చేస్తే ఇంకా బాగా ఎగురుతుందని ఆశపడి పెద్దవి చేశారు. పెద్దది చేసేకొద్దీ ఎగరడం తగ్గింది. కారణం వారికి అప్పుడు అర్థం కాలేదు, ఆ ప్రశ్న మాత్రం మనసులో నిలిచిపోయింది. ఇద్దరి జీవితంలోకి వచ్చిన మొదటి ప్రొపెల్లర్ అదే.

ఆగిపోయిన చదువు

విల్బర్ బడిలో చురుకైన విద్యార్థి, ఆటల్లోనూ ముందుండేవారు. యేల్ విశ్వవిద్యాలయానికి పంపాలని ఇంట్లో అనుకున్నారు. 1885-86 చలికాలంలో, గడ్డకట్టిన మంచు మీద హాకీ ఆడుతుండగా ఎదుటి ఆటగాడి కర్ర తగిలి ముందు పళ్లు ఊడిపోయాయి. పళ్ల గాయం మానింది. ఆ తర్వాత గుండె దడ, అజీర్తి, మనసులో దిగులు పట్టుకున్నాయి. కాలేజీ ఆలోచన అక్కడితో ఆగిపోయింది. కుటుంబం 1884లో ఊరు మారినందువల్ల హైస్కూలు సర్టిఫికెట్ కూడా ఆయన చేతికి రాలేదు.

అదే సమయంలో తల్లికి క్షయ బాగా ముదిరింది. విల్బర్ దాదాపు మూడేళ్లు ఇంట్లోనే ఉండి ఆమెకు సేవ చేశారు. రోజూ పొద్దున్నే ఆమెను మేడ మీద నుంచి కిందికి ఎత్తుకొచ్చి, రాత్రి మళ్లీ పైకి తీసుకెళ్లేవారు. మిగతా సమయంలో తండ్రి పుస్తకాలన్నీ చదివారు. 1889లో తల్లి కన్నుమూశారు.

ఒక్క నిమిషం ఆ తండ్రి స్థానంలో మిమ్మల్ని ఊహించుకోండి. చదువులో ముందున్న కొడుకు ఇరవై రెండేళ్లకు కాలేజీ లేక, ఉద్యోగం లేక ఇంట్లో కూర్చున్నాడు. చుట్టాలు ఏమంటారో, పక్కింటివాళ్లు ఏమనుకుంటారో మనకు తెలియనిది కాదు. ఈ కుర్రాడు ఏం చేస్తున్నాడని పెద్దన్నయ్యల్లో ఒకరు ఉత్తరంలో అడిగారు కూడా. ఆ ఇల్లు మాత్రం విల్బర్‌ను తొందరపెట్టలేదు. పుస్తకాల అలమరాకు తాళం వేయలేదు. ఆ మూడేళ్లు వృథా కాలేదని తేలడానికి మరో పదేళ్లు పట్టింది.

అచ్చుపని, సైకిళ్లు

ఆర్విల్ సొంతంగా అచ్చుయంత్రం తయారుచేసుకుని 1889లో చిన్న వారపత్రిక మొదలుపెట్టినప్పుడు విల్బర్ సంపాదకుడిగా చేరారు. 1892లో సైకిళ్ల దుకాణం తెరిచారు. మొదట అమ్మకాలు, రిపేర్లు చేశారు. 1896 నుంచి సొంత సైకిళ్లు తయారుచేశారు. ఆ దుకాణంలో చైనుకు బిగువు ఎంత ఉండాలో, చక్రానికి కూర్పు ఎలా ఉండాలో, పళ్ల చక్రం మార్చితే బలం, వేగం ఎలా మారతాయో రోజూ చేతులతో నేర్చుకున్నారు. ఇది గుర్తుంచుకోండి, మళ్లీ అవసరమవుతుంది.

1896లో జర్మనీలో గ్లైడర్లతో ఎగిరే ఒట్టో లిలియెంతాల్ కిందపడి మరణించారు. ఆ వార్త విల్బర్‌లో పాత ప్రశ్నను లేపింది. 1899 మే 30న ఆయన స్మిత్సోనియన్ సంస్థకు ఉత్తరం రాసి, ఎగరడం మీద ఇంతవరకు వచ్చిన పుస్తకాలు ఏవేవో తెలపమని కోరారు. అప్పటికి ఆయన వయసు 32.

పుస్తకంలోని అంకె తప్పైతే?

1900లో, 1901లో అన్నదమ్ములు నార్త్ కరోలినా సముద్రతీరంలోని కిట్టీ హాక్ ఇసుక దిబ్బల మీద గ్లైడర్లు పరీక్షించారు. 1901 గ్లైడర్ అప్పటి పుస్తకాల్లోని పట్టికల ప్రకారమే కట్టారు. లెక్క ప్రకారం రావలసినంత ఎత్తుబలం రాలేదు. విల్బర్ చాలా నిరాశతో ఇంటికి తిరిగొచ్చారు, ఇక వదిలేద్దామా అన్నంత నిరాశ.

వదల్లేదు. తప్పు తమదా, పుస్తకాలదా అని తేల్చుకోవాలనుకున్నారు. దుకాణంలోనే ఆరడుగుల పొడవున చెక్కపెట్టె కట్టి, దానిలోకి ఫ్యానుతో గాలి పంపారు. హాక్సా బ్లేడు ముక్కలు, సైకిల్ చువ్వలతో తక్కెడ చేసుకుని రెండు వందల వరకు చిన్న రెక్కల నమూనాలను అందులో తూచారు. గాలి ఒత్తిడిని లెక్కించడానికి పద్దెనిమిదో శతాబ్దం నుంచి అందరూ వాడుతున్న ఒక స్థిరాంకం 0.005 అని పుస్తకాల్లో ఉండేది. వారి పరీక్షల్లో అది సుమారు 0.0033 అని తేలింది. నూరేళ్లకు పైగా ఒకరి నుంచి మరొకరు కాపీ చేసుకుంటూ వచ్చిన అంకె అది. ఆ కొత్త లెక్కలతో కట్టిన 1902 గ్లైడర్ చక్కగా ఎగిరింది, చెప్పినట్టు తిరిగింది.

ఇక ఇంజను, ప్రొపెల్లర్ పెట్టడమే తరువాయి అనుకున్నారు.

దొరకని పాఠం

అసలు కష్టం అక్కడే వచ్చింది. ఓడలకు అప్పటికే ఎన్నో దశాబ్దాలుగా ప్రొపెల్లర్లు ఉన్నాయి. ఆ లెక్కలు చూసి నీటి బదులు గాలి అని మార్చుకుంటే సరిపోతుందని విల్బర్ అనుకున్నారు. దొరికిన పుస్తకాలన్నీ తిరగేశారు. ఓడల ఇంజనీర్లు చాలావరకు ఒకటి చేసి చూసి, బాగోకపోతే మరొకటి చేసే పద్ధతిలోనే నడుస్తున్నారని తెలిసింది. ఓడకు అది చెల్లుతుంది. ప్రొపెల్లర్ బలం సగమే ఉన్నా ఓడ నెమ్మదిగానైనా కదులుతుంది. విమానానికి బలం చాలకపోతే అది నేల విడవదు. విడిచిందంటే ఇంకా ప్రమాదం.

అన్నదమ్ములు వాదనకు దిగారు. ప్రొపెల్లర్ ముందుకు కదులుతోంది, తిరుగుతోంది, దాని చుట్టూ ఉన్న గాలి కూడా కదులుతోంది. ఏదీ నిలకడగా లేనప్పుడు లెక్క ఎక్కడ మొదలుపెట్టాలి? సాయంత్రాలు గంటల తరబడి అరుచుకునేవారు. చివరికి అన్న వాదన తమ్ముడికి, తమ్ముడి వాదన అన్నకు నచ్చి, ఇద్దరూ పక్షాలు మార్చుకుని మళ్లీ మొదలుపెట్టేవారు. వారి దగ్గర పనిచేసే మెకానిక్ చార్లీ టేలర్ ఈ గొడవలన్నిటికీ సాక్షి. వారు అరుచుకోవడమే గాని ఒకరి మీద ఒకరు కోపం పెట్టుకోవడం ఆయన చూడలేదు.

ఆ వాదనల్లోంచి తేలింది ఒక తేలికైన మాట. ప్రొపెల్లర్ అంటే గాలిని తవ్వే మరమేకు కాదు, గుండ్రంగా తిరిగే రెక్క. విమానం రెక్క గాలిలో ముందుకు పోతే పైకి ఎత్తుబలం వస్తుంది. అదే రెక్కను నిలువుగా పెట్టి తిప్పితే ఆ బలం ముందుకు వస్తుంది. రెక్కల గురించిన లెక్కలు వారి దగ్గర ఇదివరకే ఉన్నాయి. చెక్కపెట్టెలో తూచిన ఆ చిన్న నమూనాలు ఇప్పుడు అక్కరకొచ్చాయి.

మెలిక ఎందుకు?

మీ ఇంట్లో సీలింగ్ ఫ్యాను ఆపి దాని రెక్కను చూడండి. తర్వాత వీలైతే ఏదైనా విమానం ప్రొపెల్లర్ ఫొటో చూడండి. ప్రొపెల్లర్ బ్లేడు మధ్యలో బాగా ఏటవాలుగా, కొస దగ్గర దాదాపు చదునుగా మెలితిరిగి ఉంటుంది. కారణం హైస్కూలు లెక్కతోనే తెలుస్తుంది.

1903 విమానం ప్రొపెల్లర్ కొస నుంచి కొసకు ఎనిమిదిన్నర అడుగులు. నిమిషానికి సుమారు 350 సార్లు తిరిగేది. చుట్టుకొలతను చుట్లతో గుణిస్తే కొస వేగం గంటకు దాదాపు 170 కిలోమీటర్లు. మధ్యకు, కొసకు సగం దూరంలో ఉన్న చోట వేగం అందులో సగం, 85. విమానం గాలిలో ముందుకు గంటకు 50 కిలోమీటర్లు పోతోందనుకుందాం. అది బ్లేడు అంతటికీ ఒకటే. అంటే కొస దగ్గర బ్లేడుకు గాలి దాదాపు 16 డిగ్రీల వాలులో ఎదురవుతుంది, సగం దూరంలో 30 డిగ్రీల వాలులో ఎదురవుతుంది. ప్రతిచోటా రెక్క గాలిని సరైన కోణంలో కోయాలంటే బ్లేడు మెలితిరగాల్సిందే. విల్బర్, ఆర్విల్ బ్లేడును ముక్కలు ముక్కలుగా ఊహించుకుని ఒక్కో ముక్కకు విడిగా లెక్క కట్టారు. పదో తరగతి త్రికోణమితి చదివే పిల్లలు ఈ రెండు కోణాలనూ సొంతంగా లెక్కవేయగలరు.

పెద్దది, నిదానంగా తిరిగేది

రెండో నిర్ణయం సైజు గురించి. ప్రొపెల్లర్ గాలిని వెనక్కి నెడుతుంది, అందుకు బదులుగా విమానం ముందుకు పోతుంది. కొంచెం గాలిని గట్టిగా నెట్టవచ్చు, ఎక్కువ గాలిని మెల్లగా నెట్టవచ్చు. రెండింటిలోనూ తోపుడు ఒకటే రావచ్చు. ఖర్చు మాత్రం ఒకటి కాదు. రెండింతల గాలిని సగం వేగంతో నెడితే ఇంజను పెట్టాల్సిన శక్తి సగమే. ఇంజను బలహీనంగా ఉన్నవారికి ఇది పెద్ద వరం.

వారి ఇంజను నిజంగానే బలహీనం. తేలికైన ఇంజను కావాలని కంపెనీలకు ఉత్తరాలు రాస్తే తగినది దొరకలేదు. చార్లీ టేలర్ ఆరు వారాల్లో దుకాణంలోనే ఒకటి చేశారు. మొదటిది పరీక్షలో పగిలితే మళ్లీ పోత పోయించారు. అది సుమారు 12 హార్స్‌పవర్ ఇచ్చేది. నేటి చిన్న స్కూటర్ శక్తి అంతే.

అందుకే రెండు పెద్ద ప్రొపెల్లర్లు పెట్టి, ఇంజను వేగాన్ని సైకిల్ తరహా చైన్లు, పళ్ల చక్రాలతో దాదాపు మూడో వంతుకు తగ్గించారు. రెండూ ఒకే వైపు తిరిగితే ఆ ఊపుకు విమానం ఒరిగిపోతుందని ఒకదాన్ని ఎదురు దిక్కులో తిప్పాలనుకున్నారు. దానికి అదనపు యంత్రం ఏమీ పెట్టలేదు. ఒక చైనును 8 అంకెలా మెలిపెట్టి గొట్టాల్లోంచి పంపారు. సైకిల్ దుకాణం చదువు పనికొచ్చింది ఇక్కడే.

స్ప్రూస్ చెక్క పలకలు మూడింటిని పొరలుగా అతికించి, చిన్న గొడ్డలితో, రెండు చేతులతో లాగే చెక్కుడు కత్తితో బ్లేడ్లను మలిచారు. కొసలు చీలకుండా పల్చని గుడ్డ అంటించి అల్యూమినియం రంగు వేశారు. ఇటీవలి కాలంలో వీటి నకళ్లు చేసి పరీక్షిస్తే, ఇంజను ఇచ్చిన శక్తిలో సుమారు 75 శాతాన్ని తోపుడుగా మార్చగలవని తేలింది. నేటి మంచి చెక్క ప్రొపెల్లర్లు 80 నుంచి 85 శాతం వరకు ఇస్తాయి. 120 ఏళ్లలో పెరిగింది అంతే.

డిసెంబర్ చలిలో

1903 సెప్టెంబరు చివర్లో కిట్టీ హాక్ చేరారు. నవంబరులో ఇంజను తిప్పి చూస్తే ప్రొపెల్లర్ ఇరుసులు మెలితిరిగి పాడయ్యాయి. వాటిని డేటన్‌కు పంపి బలమైనవి చేయించారు. పళ్ల చక్రాలు వదులైపోతుంటే సైకిల్ టైర్లు అంటించే జిగురు పోసి బిగించారు. చైన్లలో శక్తి చాలా వృథా అవుతుందని, మీరు అనుకున్నంత బలం రాదని వారిని చూడటానికి వచ్చిన అనుభవజ్ఞుడైన ఇంజనీరు ఆక్టేవ్ షనూట్ హెచ్చరించారు. పెద్దాయన మాట కొట్టిపారేయలేదు, గుడ్డిగా నమ్మనూ లేదు. చైనుకు ఇసుక బస్తాలు కట్టి పరీక్షించి తమ లెక్కే సరైనదని తేల్చుకున్నారు. ప్రొపెల్లర్లను తిప్పి కొలిస్తే, కావలసిన 45 కిలోల తోపుడుకు బదులు దాదాపు 60 కిలోలు వచ్చింది.

ఆ సంతోషం ఎక్కువ రోజులు నిలవలేదు. నవంబరు 28న కొత్త ఇరుసులో ఒకటి పగిలి కనిపించింది. ఆర్విల్ రైలెక్కి ఇంటికి వెళ్లి, గట్టి స్ప్రింగ్ స్టీలుతో ఇరుసులు చేయించుకుని వచ్చేసరికి డిసెంబరు 11 అయింది. ఈలోగా డిసెంబరు 8న, ప్రభుత్వం నుంచి 50 వేల డాలర్ల సాయం పొందిన ప్రొఫెసర్ శామ్యూల్ లాంగ్లీ యంత్రం పొటోమాక్ నదిలో కూలింది. అన్నదమ్ములది మొత్తం సొంత డబ్బు, వెయ్యి డాలర్ల లోపే.

డిసెంబరు 14న బొమ్మ బొరుసు వేస్తే విల్బర్ గెలిచారు. విమానం లేచీ లేవగానే ముక్కు ఎక్కువ పైకెత్తడంతో మూడున్నర సెకన్లలో కింద పడింది. మరమ్మతుకు రెండు రోజులు పట్టింది. డిసెంబరు 17 ఉదయం, గంటకు సుమారు 40 కిలోమీటర్ల ఎదురుగాలిలో, ఆర్విల్ వంతు. 12 సెకన్లు, 120 అడుగులు. ఆ రోజు నాలుగోసారి విల్బర్ 59 సెకన్లలో 852 అడుగులు ఎగిరారు. తర్వాత ఒక పెద్ద గాలి తెర వచ్చి ఆగి ఉన్న విమానాన్ని దొర్లించి విరగ్గొట్టింది. అది మళ్లీ ఎగరలేదు.

ఎగిరాక కూడా ఆగని పరీక్షలు

కథ ఇక్కడితో అయిపోయిందని పుస్తకాలు అంటాయి. విల్బర్ అలా అనుకోలేదు. డేటన్ దగ్గరి పచ్చికబయలులో 1904, 1905ల్లో ఎగురుతూ, ప్రొపెల్లర్లు లెక్కకు తగినంత బలం ఇవ్వడం లేదని గమనించారు. బరువు పడినప్పుడు సన్నని బ్లేడ్లు మెలిక తప్పుతున్నాయేమోనని అనుమానం వచ్చింది. బ్లేడు వెనుక అంచుకు చిన్న చిన్న పలకలు బిగించి, ఆ మెలికను ఎదురు నెట్టి చూశారు. అనుమానం నిజమైంది. తర్వాతి ప్రొపెల్లర్ల కొసలను వెనక్కి వంచి చెక్కి ఆ లోపాన్ని సరిచేశారు. 1905 అక్టోబరు 5న విల్బర్ 39 నిమిషాలపాటు ఆగకుండా 24 మైళ్లు, అంటే దాదాపు 39 కిలోమీటర్లు ఎగిరారు.

ఒక పగులు, ఒక ప్రాణం

1908 ఆగస్టు 8న ఫ్రాన్స్‌లో లె మాన్ దగ్గర విల్బర్ మొదటిసారి జనం ముందు ఎగిరారు. అంతవరకు నమ్మని ఐరోపా ఆ రోజు నమ్మింది. సరిగ్గా ఆ పేరు ప్రతిష్ఠల మధ్యే సెప్టెంబరు 17న ఆ కుటుంబానికి పెద్ద దెబ్బ తగిలింది.

అమెరికాలోని ఫోర్ట్ మయర్‌లో సైన్యం కోసం ఆర్విల్ విమానం నడుపుతున్నారు. పక్కన 26 ఏళ్ల లెఫ్టినెంట్ థామస్ సెల్ఫ్రిజ్ కూర్చున్నారు. ఎగురుతుండగా ఒక ప్రొపెల్లర్ బ్లేడు పొడవునా చీలింది. చీలిన బ్లేడులో బలం తగ్గి, రెండు వైపులా సమతూకం తప్పి, ప్రొపెల్లర్ అదిరిపోయింది. ఆ అదురులో బ్లేడు తోకను పట్టి ఉంచే తీగకు తగిలింది. తీగ తెగి, తోక పట్టు తప్పి, విమానం నేలకు పడింది. సెల్ఫ్రిజ్ మరణించారు. ఇంజను విమానం ప్రమాదంలో ప్రాణం కోల్పోయిన మొదటి వ్యక్తి ఆయనే. ఆర్విల్ తొడ ఎముక, పక్కటెముకలు విరిగాయి.

వారి చెల్లెలు క్యాథరిన్ హైస్కూలులో లాటిన్ టీచరు. కబురు అందగానే బడికి సెలవు పెట్టి రైలెక్కి, వారాల తరబడి ఆసుపత్రిలో అన్న పక్కనే ఉన్నారు. దూరంగా ఫ్రాన్స్‌లో ఉన్న విల్బర్ తనను తాను నిందించుకున్నారు. తాను పక్కన ఉండి ఉంటే సందర్శకుల గొడవ తమ్ముడి మీద పడేది కాదని, ప్రతి భాగాన్నీ సరిగా చూసుకునేవారమని బాధపడ్డారు. కొన్ని రోజులు ఎగరడం ఆపారు. సెప్టెంబరు 21న మళ్లీ విమానమెక్కి గంటన్నరసేపు గాలిలో ఉన్నారు. ఇక్కడ ఆర్విల్ మంచం మీద నుంచే, విరిగిన ముక్కలు తెప్పించుకుని, ఏది ముందు విరిగింది, ఏది తర్వాత విరిగింది అని వరుస తేల్చారు. తప్పు ప్రొపెల్లర్‌దేనని ఒప్పుకోవడం వారికి అవమానంగా తోచలేదు. కారణం తెలియకుండా మళ్లీ ఎగరడమే వారికి తప్పుగా తోచింది.

ఈనాటి ఇంటి విమానాలు

అమెరికా, ఐరోపాల్లో ఈనాటికీ వేలమంది గ్యారేజీల్లో ఒకరిద్దరు కూర్చునే విమానాలు సొంతంగా కట్టుకుంటున్నారు. విల్బర్ ముందున్న ప్రశ్నలే వారి ముందూ ఉన్నాయి. ప్రొపెల్లర్ పెద్దదైతే లాభం. మరీ పెద్దదైతే నేలకు తగులుతుంది, కొసలు ధ్వని వేగానికి దగ్గరై శక్తి చప్పుడుగా వృథా అవుతుంది. వేగంగా తిరిగే ఇంజను అయితే మధ్యలో గేరు పెట్టి వేగం తగ్గిస్తారు, రైట్ సోదరులు చైన్లతో చేసిన పనే అది. బ్లేడు కోణం మారని ప్రొపెల్లర్ ఒకే గేరున్న సైకిల్ లాంటిది. కోణం తక్కువైతే త్వరగా పైకి ఎక్కుతుంది, దూరప్రయాణంలో వెనకబడుతుంది. కోణం ఎక్కువైతే దూరానికి బాగుంటుంది, లేవడానికి పొడవైన రన్‌వే కావాలి. చిన్న ఊరి మైదానం నుంచి లేచేవారు ఒకటి ఎంచుకుంటారు, దూరాలు వెళ్లేవారు మరొకటి. అందరికీ పనికొచ్చే ప్రొపెల్లర్ లేదు. మన ఇంట్లో ఇద్దరు పిల్లలకు ఒకే కోచింగ్ కుదరనట్టే ఇది కూడా.

ఎగిరే ముందు ప్రతిసారీ బ్లేడు మీద చేయి వేసి తడిమి, పగుళ్లు, నెర్రెలు ఉన్నాయేమో చూడటం, చెక్క తేమకు ఉబ్బి తగ్గుతుంటుంది గనుక బోల్టుల బిగువు తరచూ సరిచూడటం ఈనాటికీ తప్పనిసరి. ఫోర్ట్ మయర్‌ను తలచుకుంటే ఆ తప్పనిసరి ఎందుకో అర్థమవుతుంది.

చివరి రోజులు

1909 సెప్టెంబరు 29న విల్బర్ న్యూయార్క్‌లో స్వేచ్ఛా విగ్రహం చుట్టూ ఎగిరారు. నీళ్లలో పడితే తేలడానికి విమానం కింద ఒక పడవ కట్టుకున్నారు. ఏదైనా జరిగితే ఇద్దరూ ఒకేసారి పోకూడదని అన్నదమ్ములు కలిసి ఎగిరేవారు కాదు. 1910 మే 25న తండ్రి అనుమతితో ఒక్కసారి కలిసి ఎగిరారు. అదే రోజు 81 ఏళ్లు నిండిన తండ్రిని ఆర్విల్ విమానంలో తిప్పారు.

విల్బర్ చివరి రెండు మూడేళ్లు పేటెంటు కేసులకే పోయాయి. కొత్త పరిశోధనకు సమయం చిక్కలేదని ఆయనకు బెంగ ఉండేది. 1912 వసంతంలో టైఫాయిడ్ సోకింది. మే 30న డేటన్‌లోని సొంతింట్లో, 45 ఏళ్ల వయసులో కన్నుమూశారు. పెళ్లి చేసుకోలేదు. చేతికి రాని హైస్కూలు సర్టిఫికెట్‌ను 1994లో, ఆయన పోయిన 82 ఏళ్లకు ఇచ్చారు.

మీ ఇంట్లో ఈ వారం

ఈ కథ చదివి పిల్లల్ని బడి మాన్పించమని మేము చెప్పడం లేదు. విల్బర్ బడి మానలేదు, చదవడం అసలే మానలేదు. మేము కోరేది మూడు చిన్న పనులు.

1. ఒక అట్టముక్కతో రెండు రెక్కల చిన్న ప్రొపెల్లర్ కత్తిరించి, మధ్యలో గుండుసూది గుచ్చి, ఆపిన పెన్సిల్ చివర బిగించండి. మెలిక లేకుండా ఒకసారి, రెక్కలను ఎదురెదురు వాలులకు వంచి ఒకసారి టేబుల్ ఫ్యాను ముందు పెట్టి తేడా చూడమనండి. సూది గుచ్చేటప్పుడు పెద్దలు పక్కనే ఉండండి, ఫ్యానుకు జాలీ లేకపోతే ఈ పని చేయకండి.

2. భోజనాల దగ్గర ఏదైనా ఒక విషయం మీద పిల్లలతో వాదించండి. పది నిమిషాల తర్వాత పక్షాలు మార్చుకుని మళ్లీ వాదించండి. ఓడిపోయినవారు ఎవరూ ఉండరు.

3. పిల్లల ప్రోగ్రెస్ కార్డులో మార్కు తగ్గినప్పుడు, ఎందుకు తగ్గిందని గట్టిగా అడిగే ముందు, ఆ జవాబు పత్రం తెప్పించుకుని పక్కన కూర్చోండి. ఏ మెట్టు దగ్గర ముందు తప్పు జరిగిందో, దాని వల్ల తర్వాత ఏవి తప్పాయో ఇద్దరూ కలిసి వెతకండి. ఆసుపత్రి మంచం మీద ఆర్విల్ చేసిన పని అదే.

మీ పిల్లలు చేసిన ప్రొపెల్లర్లను వచ్చే పేరెంట్-టీచర్ మీటింగ్‌కు తీసుకురండి. సైన్స్ ల్యాబ్‌లో అన్నీ ఒకచోట పెట్టి, ఏది బాగా తిరుగుతుందో పిల్లలతోనే తేల్చిద్దాం.